తక్కువ ధర జూమ్ టార్చ్ రోజూ వాడకానికి పనికొస్తుందా? నా అనుభవం

ప్రశ్న ఏంటంటే, తక్కువ ధరకి దొరికే జూమ్ ఎల్ఈడీ టార్చ్ (ముందున్న హెడ్‌ని లాగితే వెలుగు ఒకేచోట స్పాట్‌గా, వెనక్కి నెడితే వైడ్‌గా పరుచుకుని పడే రకం) ఇంట్లో రోజూ వాడుకోడానికి సరిపోతుందా, కొన్నాక దాన్ని ఎలా టెస్ట్ చేసి చూడాలి అని. సరిపోతుంది, అందులో నాకు ఏ డౌటూ లేదు, నేను ఏళ్ళ తరబడి ఇవే వాడుతున్నా. కాకపోతే జనం టెస్ట్ చేసే పద్ధతే నాకు అస్సలు నచ్చదు. చేతికి రాగానే డాబా ఎక్కేసి, జూమ్ పూర్తిగా ముందుకి లాగి, ఎక్కడో దూరంగా ఉన్న చెట్టు మీద వేసి, అబ్బో ఎంత దూరం కొడుతుందో అని మురిసిపోయి కిందకి దిగి రేటింగ్ ఇచ్చేస్తారు. ఆ చెట్టుతో మనకి రోజూ పనేం ఉంటుంది చెప్పండి. మంచం కింద, సింకు కింద పైపు జాయింట్ దగ్గర, మెట్ల మీద, మెయిన్ బోర్డు దగ్గర, బండి ఇంజన్ పక్కన, పనంతా చేయి చాపితే అందేంత దూరంలోనే కదా.

ఒక రాత్రి జరిగింది చెప్తా, మీకే అర్థమవుతుంది. కరెంటు పోయింది, సరిగ్గా అప్పుడే నాన్న కళ్ళజోడు తుడుచుకుంటుంటే కాడ ఊడి చేతిలోకొచ్చింది, స్క్రూ కింద పడిపోయింది. ఆ స్క్రూ ఎంత ఉంటుందో తెలుసుగా, ఆవగింజ కంటే కాస్త పొడుగు, అంతే. నేలేమో చుక్కల చుక్కల రాయి. ముందు మొబైల్ లైట్ వేసి నిలబడి వెతికాం, పైనుంచి వెలుగు పడితే ప్రతీ చుక్కా స్క్రూ లాగే కనపడుతోంది. నాన్నకి కళ్ళజోడు లేకపోతే ఏమీ ఆనదు, అయినా ఊరుకోకుండా చేత్తో నేలంతా తడుముతున్నారు, "నాన్నా, కదలకండి, కాలికి అంటుకుని పోతుంది" అని ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి టార్చ్ తెచ్చా. జూమ్ లాగి స్పాట్ వేస్తే అరచేయంత చదరం ఒక్కటే తెల్లగా మండిపోతోంది, కళ్ళు ఆ వెలుగుకి అలవాటు పడి దాని చుట్టూ ఉన్నదంతా ఇంకా చీకటైపోయింది. అప్పుడు హెడ్‌ని పూర్తిగా వెనక్కి నెట్టి, వెలుగు తగ్గించి, టార్చ్‌ని నేల మీద పడుకోబెట్టా. వీటికి తల లావు, వెనక సన్నం, అందుకని నేల మీద పెడితే మూతి కాస్త పైకి లేస్తుంది, వెనక భాగం కింద రుమాలు మడతపెట్టి ఎత్తు చేశా. వెలుగు నేలని రాసుకుంటూ గది ఆ చివరిదాకా పోయింది, నేలమీద ఉన్న ప్రతీ దుమ్ము రేణువుకీ నీడొచ్చింది. అల్మరా కాలి పక్కన వేలెడంత నీడ ఒకటి సన్నగా, తిన్నగా సాగి ఉంది, ఆ నీడ మొదట్లో ఉంది స్క్రూ. రాయి మీద చుక్కలకి నీడ ఉండదు కదా, అదీ కిటుకు. చిన్న వస్తువు ఏది పడిపోయినా ఇలాగే వెతకండి, చెవి దుద్దు శీల అయినా, మాత్ర అయినా దొరికిపోతుంది.

అదే రాత్రి ఇంకో సంగతి. వెలుగు తగ్గిద్దామని స్విచ్ నొక్కితే లో మోడ్ దాటేసి స్ట్రోబ్‌లోకి, అంటే ఆగకుండా వేగంగా మెరిసే మోడ్‌లోకి పోయింది, టపటపా టపటపా కొడుతోంది, అది సరిగ్గా నాన్న మొహం మీద. "రేయ్, ముందు అది ఆపరా" అని ఆయన కళ్ళు మూసుకున్నారు. ఈ స్ట్రోబూ, ఎస్ఓఎస్సూ అన్నీ ఒకే స్విచ్‌లో వరసగా ఎందుకు పెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మూడు పొట్టి, మూడు పొడుగు, మళ్ళీ మూడు పొట్టి మెరుపులు, సముద్రంలో చిక్కుకున్నవాళ్ళకి అది ఉండాల్సిందే, వంటింట్లో గ్యాస్ రెగ్యులేటర్ చూసుకునే మనిషికి దేనికి? కొన్నిటికైతే ఆపాలంటే కూడా అన్ని మోడ్‌లూ తిరిగి రావాలి. కొనేముందు ఇదొక్కటి కనుక్కోండి. స్ట్రోబ్ లేనిదో, లేకపోతే స్విచ్ ఎక్కువసేపు నొక్కితేనే వచ్చేదో ఉంటే కళ్ళు మూసుకుని అదే తీసుకోండి.

సరే, టెస్టింగ్ విషయానికొద్దాం. చీకటి గదిలో తెల్ల గోడ మీద వేసి చూడండి. ఈ టార్చుల్లో ఎల్ఈడీ ముందు ఒక ఉబ్బెత్తు లెన్స్ ఉంటుంది, హెడ్ లాగినప్పుడు లెన్స్ దూరం జరిగి ఎల్ఈడీ బొమ్మనే గోడ మీద వేస్తుంది, అందుకే స్పాట్ చదరంగా కనిపిస్తుంది, అది లోపం కాదు. అయితే లెన్స్ దూరం జరిగే కొద్దీ పక్కలకి పోయే వెలుగు దానికి అందదు, గొట్టం లోపలి గోడలకి తగిలి వృథా అవుతుంది. అంటే స్పాట్‌లో కంటికి మిరుమిట్లు గొలిపినా బయటికొచ్చే మొత్తం వెలుతురు వైడ్‌లో కంటే తక్కువే. నేను చూసేది వైడ్ ఎలా ఉందని. గుండ్రంగా, అంచుదాకా ఒకే తీరుగా, మధ్యలో మచ్చ లేకుండా పడాలి. అది బాగుంటే టార్చ్ బాగున్నట్టే, నా లెక్క ఇదే.

తర్వాత హెడ్ బిగువు. టార్చ్‌ని నిలువుగా పట్టుకుని ఇంకో చేత్తో రెండు దెబ్బలు తట్టండి, హెడ్ దానంతటది జారిపోయిందంటే అది రోజూ చిరాకు పెడుతుంది. ఇంకోటి, ఈ జారే హెడ్ లాగినప్పుడల్లా గాలిని లోపలికి పీలుస్తుంది, ఆ గాలితో పాటు తేమా దుమ్మూ వెళ్తాయి, కాబట్టి వాటర్‌ప్రూఫ్ అని పెద్ద అక్షరాలతో రాసినంత మాత్రాన బకెట్లో ముంచి చూడకండి. నీళ్ళని ఎంత తట్టుకుంటుందో చెప్పే గ్రేడుల్లో ఐపీఎక్స్4 అంటే నీటి చిందులకి మాత్రమే, మీటరు లోతులో అరగంట ఉండాలంటే ఐపీఎక్స్7. జారే హెడ్ ఉన్న చవక టార్చ్‌లో ఐపీఎక్స్7 అని రాస్తే నేను నమ్మను.

డబ్బా మీదుండే లుమెన్ల (మొత్తం వెలుతురు లెక్క) నంబర్లు, దూరం నంబర్లు అసలు పట్టించుకోకండి. టార్చుల కోసం ఏఎన్ఎస్ఐ ఎఫ్ఎల్1 అని 2009లో ఒక ప్రమాణం వచ్చింది, దాని ప్రకారం దూరం అంటే వెలుగు పావు లక్స్‌కి (లక్స్ అంటే ఒక చోట పడే వెలుగుకి కొలత) పడిపోయే చోటు దాకా, అంటే ఇంచుమించు నిండు వెన్నెలంత. టార్చ్ దూరం అంటే ఇంతే, అక్కడ మీకు మనిషి మొహం గుర్తుపట్టేంత వెలుగేం ఉండదు. ఎన్ని గంటలు వెలుగుతుంది అనే లెక్క కూడా వెలుతురు మొదటిదాంట్లో 10 శాతానికి తగ్గేదాకా కలిపి వేస్తారు. చవక డబ్బాల మీద ఉండే నంబర్లు ఈ ప్రమాణాన్ని కూడా పాటించవు. టీ6 అని గొప్పగా రాస్తారు చూడండి, అది ఎల్ఈడీ మోడల్ కూడా కాదు, ఎల్ఈడీలని వెలుగు బట్టి వేరు చేసే గ్రేడు. మీకు నిజంగా కొలవాలనుంటే ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసుకుని 5 మీటర్ల దూరం నుంచి ఫోన్ సెన్సార్ మీద స్పాట్ పట్టండి, వచ్చిన లక్స్‌ని 25తో గుణిస్తే క్యాండెలా (ఆ దిక్కున వెలుగు తీవ్రత), దాని వర్గమూలానికి రెట్టింపు ఎంతో టార్చ్ దూరం అన్ని మీటర్లు. 400 లక్స్ వస్తే 10,000 క్యాండెలా, 200 మీటర్లు. ఫోన్ సెన్సార్ కొలత అటూ ఇటూ ఉంటుంది, రెండు టార్చుల్ని పక్కపక్కన పోల్చుకోడానికి మాత్రం బ్రహ్మాండంగా పనికొస్తుంది.

లో మోడ్‌లో వేసి వేళ్ళు దాని ముందు చకచకా ఊపండి. వేళ్ళు ముక్కలు ముక్కలుగా, ఆగి ఆగి కదిలినట్టు కనిపిస్తే అది వెలుగుని వేగంగా ఆర్పుతూ వెలిగిస్తూ తగ్గిస్తోందని. చదువుకోడానికో కుట్టుపనికో అలాంటిది నేను వాడను, కాసేపటికే తలనొప్పి. రంగు కూడా చూడండి, నీలం కొట్టే తెలుపులో ఎరుపు చచ్చుబడి గోధుమ రంగులా కనిపిస్తుంది, కరెంటు వైర్లు చూసేటప్పుడు అది ప్రమాదం. మీ అరచేతి మీద వేసుకుంటే చాలు, చర్మం పాలిపోయినట్టుంటే ఆ ఎల్ఈడీ రంగులు సరిగా చూపించదు.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది దాంతో వచ్చే సెల్. 18650 సెల్ (మళ్ళీ మళ్ళీ ఛార్జ్ చేసుకునే రకం) అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడుగు, మంచి కంపెనీవి చాలావరకు 2500 నుంచి 3500 ఎంఏహెచ్ (సెల్‌లో ఎంత ఛార్జ్ పడుతుందో ఆ లెక్క) మధ్య ఉంటాయి, బరువు 45 నుంచి 50 గ్రాములు. డబ్బాలో వచ్చినదాని మీద 9900 అని అచ్చేసి ఉంటుంది, చేతిలో పట్టుకుంటే దూదిలా తేలిపోతుంది. అది అబద్ధం, అంతే. టార్చ్ నచ్చితే ఉంచుకోండి, ఆ సెల్ మాత్రం తీసేసి పేరున్నది వేయండి. అలాగని రాత్రంతా ఛార్జింగ్ పెట్టి పడుకోకండి, చవక ఛార్జర్‌లో 4.2 వోల్టుల దగ్గర కరెంటు ఆపే ఏర్పాటు సరిగ్గా ఉందో లేదో మనకి తెలీదు. మూడు చిన్న సెల్స్ వేసే రకం అయితే, నెలల తరబడి వాడకుండా సొరుగులో పడేసేటప్పుడు సెల్స్ తీసి పక్కన పెట్టండి, ఆల్కలైన్ సెల్స్ కారితే లోపలి స్ప్రింగు తెల్లటి పొడి పట్టి తినేస్తుంది, ఇక ఎంత గీకినా సరిగా వెలగదు. ఇంకా, లెన్స్ ఉన్న టార్చ్‌ని కిటికీ గట్టు మీద ఎండకి మొహం పెట్టి వదిలేయకండి, సూర్యుడి వేడి లెన్స్ గుండా ఎల్ఈడీ మీదే కేంద్రీకరించి దాన్ని మాడ్చేస్తుంది. మూతి కిందకి పెట్టి నిలబెట్టడం అలవాటు చేసుకోండి.