దొంగ వెళ్ళిపోయాక ఆ ఇంట్లో

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చేరిందమ్మా. మొదటిసారి ఏకబిగిన చదివేశాను. ఇనప్పెట్టె తెరిచే చోట నాకూ టెన్షన్ పట్టుకుంది. నీ హీరో పెట్టె తలుపుకి చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి, లోపల ఏదో కదిలిన చిన్న చప్పుడు కోసం ఎదురుచూసే ఆ అర పేజీ చాలా బాగా వచ్చింది. అందులో ఒక్క మాట కూడా మార్చకు.

రెండోసారి చదువుతున్నప్పుడు మాత్రం ఏడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "తాళాలు గుమస్తా దగ్గరే ఉండటంతో అనుమానం అతని మీదికి పోయింది." అంతే రాశావు. తర్వాతి పేరాలో నీ హీరో మేడ మీద నిలబడి తెల్లవారడం చూస్తున్నాడు. వడ్డీ వ్యాపారి బంగారం అప్పటికే నాలుగు పేద ఇళ్ళకి చేరిపోయింది. గుమస్తా మళ్ళీ కథలోకి రాలేదు.

దొంగని హీరోగా చేసి రాయడం తప్పా అని ఉత్తరంలో అడిగావు. ఈ ప్రశ్న మీద బావా బావమరుదుల మధ్యే అభిప్రాయభేదం వచ్చిన సంగతి ఒకటుంది. ఇ. డబ్ల్యు. హార్నంగ్ 1899లో రాఫెల్స్ కథల మొదటి పుస్తకం వేశాడు. రాఫెల్స్ పగలు క్రికెట్ ఆడే పెద్దమనిషి, రాత్రి దొంగ. ఆ పుస్తకాన్ని తన భార్య అన్నగారికే అంకితమిచ్చాడు. ఆ అన్నగారు షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన కానన్ డాయిల్. డాయిల్ 1924లో వచ్చిన ఆత్మకథలో ఆ కథల పనితనాన్ని మనసారా మెచ్చుకుంటూనే, అవి ప్రమాదకరమైనవనీ, నేరస్థుణ్ణి హీరో చెయ్యకూడదనీ రాశాడు. రాయకముందే బావకి ఆ మాట చెప్పానన్నాడు కూడా.

డాయిల్ మాట నేను ఒప్పుకోను. కథ చదివి ఎవరూ గోడకి కన్నం వెయ్యడానికి బయల్దేరరు. పైగా చట్టం బలవంతుడి పక్షాన నిలబడ్డ రోజులు లోకంలో చాలా ఉన్నాయి. అలాంటప్పుడు చట్టాన్ని దాటినవాడి మీద జనానికి ప్రేమ పుడుతుంది. అది ఊరికే పుట్టే ప్రేమ కాదు, దాని వెనక అన్యాయం తిన్నవాళ్ళ కడుపుమంట ఉంటుంది. కాబట్టి నీ హీరోని చూసి నేను భయపడలేదు. ఏడో పేజీలో ఆ గుమస్తాని నువ్వు దాటుకుంటూ వెళ్ళిపోవడం, నీ వెనకే నేనూ మొదటిసారి ఆగకుండా వెళ్ళిపోవడం, అదీ నన్ను భయపెట్టింది.

శూద్రకుడి సంస్కృత నాటకం మృచ్ఛకటికం చదివే ఉంటావు. ఈసారి అందులోని దొంగ శర్విలకుడి కోసం మళ్ళీ చదువు. నాకు తెలిసిన దొంగలందరిలో అతనే గొప్పవాడు. మూడో అంకంలో నాటకం హీరో, పేద బ్రాహ్మణుడు చారుదత్తుడి ఇంటి గోడ ముందు నిలబడి, కన్నం ఏ ఆకారంలో వెయ్యాలా అని ఆలోచిస్తాడు. విచ్చిన పద్మంలానా, సూర్యుడిలానా, నెలవంకలానా? చివరికి పూర్ణకుంభం ఆకారం బాగుంటుందనుకుంటాడు. కొలతాడు మర్చిపోయి వచ్చాడు. దాని బదులు తన జందెంతో కొలుస్తాడు. లోపలికి వెళ్ళాక తలుపు కిర్రుమంటుందని నీళ్ళు చల్లుతాడు, ఆ నీళ్ళు నేల మీద పడి చప్పుడవుతాయేమోనని మళ్ళీ జాగ్రత్తపడతాడు. నీ అర పేజీకి తాత అక్కడున్నాడు.

నాలుగో అంకంలో అతను తన నియమాలు చెప్పుకుంటాడు. ఆడదాని ఒంటి మీది నగ దోచనంటాడు. బ్రాహ్మణుడి సొమ్ము ముట్టనంటాడు. దాది ఒళ్ళో ఉన్న పసివాణ్ణి ఎత్తుకుపోనంటాడు. దొంగతనంలో కూడా చేయదగిందేదో చేయరానిదేదో చూసుకుంటానని గర్వంగా చెబుతాడు. మన పెద్దమనిషి దొంగలందరూ ఏదో ఒక రూపంలో చెప్పే మాటే ఇది. వాళ్ళ నీతి అంతా ఇలాంటి జాబితాలోనే ఉంటుంది.

ఇప్పుడు ఆ రాత్రి ఏం జరిగిందో చూడు. అతను కన్నం వేసిన ఇల్లు బ్రాహ్మణుడిది. అతను తెచ్చిన నగలు చారుదత్తుణ్ణి ప్రేమించిన వేశ్య వసంతసేనవి, నమ్మకం మీద ఆ ఇంట్లో దాచుకున్నవి. ఆడదాని సొమ్ము, బ్రాహ్మణుడి ఇల్లు. నియమాలు వల్లించే సమయానికే వాటిలో రెండింటి స్ఫూర్తి మట్టిలో కలిసిపోయింది. శూద్రకుడు ఎక్కడా వేలెత్తి చూపడు, శర్విలకుణ్ణి విలన్ చెయ్యడు. మూట విప్పి మన ముందు పెడతాడంతే.

అంతకన్నా నాకు ముఖ్యమైంది దొంగ వెళ్ళిపోయాక జరిగే ఘట్టం. నాటకం దొంగ వెంట పోదు, ఆ ఇంట్లోనే ఉండిపోతుంది. చారుదత్తుడు లేచి కన్నం చూసి ముందు దాని పనితనాన్ని మెచ్చుకుంటాడు. పాపం, ఇంత కష్టపడి వట్టి చేతులతో పోయి ఉంటాడే అని దొంగ కోసం బాధపడతాడు. తర్వాత నగలు పోయిన సంగతి తెలుస్తుంది. అప్పుడతనికి పట్టుకున్న భయం డబ్బు గురించి కాదు. పేదవాడి ఇంట్లో దాచిన సొమ్ము దొంగలెత్తుకుపోయారంటే ఎవరు నమ్ముతారు? వాడే తినేశాడంటారు. ఆ నింద తప్పించడానికి భార్య ధూత తన దగ్గర మిగిలిన రత్నాల హారం తీసి ఇస్తుంది. అంటే ఆ రాత్రి దొంగతనానికి ఖరీదు చెల్లించింది ఎవరు? శర్విలకుడు ఎన్నడూ చూడని ఒక ఇల్లాలు.

ఈ నాటకానికి చట్టం మీద భ్రమలేమీ లేవమ్మా. రాజుగారి బావమరిది వసంతసేన మీద హత్యాప్రయత్నం చేసి, ఆ నేరం చారుదత్తుడి మీదికి నెడితే, న్యాయస్థానం నిరపరాధినే వధ్యస్థానానికి పంపుతుంది. ఆ దుష్ట రాజు పాలకుణ్ణి చంపినవాడు శర్విలకుడే. పదో అంకంలో అతను గెలిచి వస్తాడు. చారుదత్తుడి ముందుకొచ్చి తననెలా పరిచయం చేసుకుంటాడో చూడు: నీ ఇంటికి కన్నం వేసి, దాచిన సొమ్ము ఎత్తుకుపోయిన మహాపాపిని నేనే, నీ శరణు కోరి వచ్చాను అంటాడు. రాజ్యం మార్చినవాడు కూడా ఆ గోడనీ ఆ హారాన్నీ దాటిపోలేదు. చారుదత్తుడు అతన్ని కౌగిలించుకుంటాడు. ఆ కౌగిలి దగ్గర నాకు ఎప్పుడూ కళ్ళు చెమరుస్తాయి, ఎందుకంటే అది ఊరికే దొరికింది కాదు.

రాబిన్ హుడ్ పాత గేయాల్లో దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. 15వ శతాబ్దపు రాతప్రతిలో దొరికిన ఒక గేయంలో, రాబిన్‌ని పట్టించిన సన్యాసిని అతని అనుచరులు దారికాచి చంపుతారు. సన్యాసితో పాటు ఒక కుర్ర సేవకుడు ఉంటాడు. వాడు చూసింది ఎక్కడ చెప్పేస్తాడోనని వాణ్ణీ చంపేస్తారు. గేయం ఆ సంగతి రెండు ముక్కల్లో చెప్పేసి ముందుకు పోతుంది, నీ ఏడో పేజీ లాగే. తర్వాత పిల్లల కోసం తిరగరాసిన కథల్లో ఆ కుర్రవాడు మామూలుగా కనిపించడు. హీరో మనసు మారలేదు, పక్కనున్న ఒక శవాన్ని తీసేశారు.

ఇంకో రకం ఉంది, తేలిక రకం. ఫ్రెంచి కథల్లోని పెద్దమనిషి దొంగ ఆర్సెన్ లుపిన్, 1905లో వచ్చిన మొదటి కథలోనే ఒక జమీందారు ఇంట్లో దూరి, ఏమీ తీసుకోకుండా, సామాన్లు అసలువి అయినప్పుడు మళ్ళీ వస్తానని చీటీ పెట్టి పోయినట్టు ఉంటుంది. చదివితే నవ్వొస్తుంది, నాకు ఇష్టం కూడా. అక్కడ ఎవరి ఇల్లూ గుల్లవదు, ఒక డాబుసరి మనిషి పరువు కాస్త పోతుంది. నువ్వు అలాంటి కథ రాసి ఉంటే ఈ ఉత్తరం అరపేజీలో అయిపోయేది. కానీ నువ్వు మూడో పేజీలో ఆకలితో ఉన్న పిల్లల్ని తెచ్చావు. వాళ్ళని చూపించి నా జాలి తీసుకున్నావు. ఒకసారి పేదవాడి కష్టాన్ని కథలోకి తెచ్చాక, నీకు నచ్చిన పేదవాళ్ళనే లెక్కలో వేసుకుని గుమస్తాని వదిలేస్తానంటే కుదరదు.

ఈ పొరపాటు నేనూ చేశాను కాబట్టి చెబుతున్నాను. చిన్న వయసులో ఖజానా దోచిన ఒక వీరుడి కథ రాశాను. అచ్చయిన కొన్నాళ్ళకి ఒకావిడ ఉత్తరం రాసింది. వాళ్ళ నాన్న ఒక ఆఫీసులో క్యాషియర్. డబ్బు పోయిందని పదకొండు నెలలు ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు. తర్వాత అసలు దొంగ దొరికాడు, ఉద్యోగం తిరిగి ఇచ్చారు. "ఆ తర్వాత నాన్న ఇంట్లో డబ్బు కూడా చేత్తో ముట్టుకోలేదండీ, అమ్మనే లెక్కపెట్టమనేవారు" అని రాసింది. నా కథ బాగుందని కూడా రాసింది. జవాబు రాయాలని కూర్చుని మూడు కాగితాలు చించేశాను. నా కథలో క్యాషియర్ లేడు. ఖజానా అన్నాక ఉండి తీరాలి కదా, నాకు తట్టనే లేదు.

ఇక నీ కథ సంగతి. వడ్డీ వ్యాపారి కుక్కని తన్నే వాక్యం కొట్టెయ్యి. పనిపిల్ల మీద అరిచేదీ కొట్టెయ్యి. అతను చెడ్డవాడని చెప్పడానికి ఆ వడ్డీ లెక్క చాలు, అది బాగానే చూపించావు. మిగతావన్నీ, వీణ్ణి దోచినా ఫర్వాలేదు అని నా చేత ముందే ఒప్పించడానికి పెట్టినవి. హీరో చేసే పని బరువు అతని మీదే పడాలి. దాన్ని నువ్వు అడ్డం వచ్చి మొయ్యకూడదు.

గుమస్తా కోసం ఒక పూర్తి పేజీ రాయి. పొద్దున్నే వచ్చి చొక్కా జేబులోంచి తాళాలు తీసి, పెట్టె తలుపు దగ్గరగా వేసి ఉండటం చూసి, ముందు తననే తాను అనుమానించుకుంటాడు: రాత్రి నేనే సరిగ్గా వెయ్యలేదా? ఆ క్షణం నుంచి రాయి. తర్వాత ఈ సంగతి నీ హీరో చెవిన పడాలి. అక్కడ తేలిక దారులు కొన్ని కనిపిస్తాయి. గుమస్తా కూడా దొంగ లెక్కలు రాసేవాడని తేల్చడం ఒకటి. రాత్రికి రాత్రి అతని గుమ్మంలో డబ్బు మూట పెట్టించడం ఇంకొకటి. రెండూ వద్దు. డబ్బు మూటతో పోయిన పేరు తిరిగి రాదు, పైగా ఆ మూట దొరికితే నేరం రుజువైనట్టే. అతన్ని కాపాడాలంటే నీ హీరో తన ముసుగు తియ్యాలి, లేదా తెలిసి తెలిసీ నోరు మూసుకోవాలి. ఏది చేస్తాడో నాకు తెలీదు. నీకు కూడా ఇంకా తెలిసి ఉండదు. రాస్తూ ఉంటే తెలుస్తుంది.

మేడ మీద తెల్లవారే దృశ్యం ఉంచాలా వద్దా అన్నది ఆ పేజీ అయ్యాక చూద్దాం. తొందరేమీ లేదు, నెలా రెండు నెలలు పట్టినా సరే, తిరగరాసి పంపు. ఇంకో మాట, పనిపిల్లకి కూడా పేరు పెట్టావు, గుమస్తాకి పెట్టలేదు. ముందు ఆయన పేరేమిటో తేల్చుకుని మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
నీ కథ కోసం ఎదురుచూస్తూ.