క్లౌడ్‌లో లెక్కలు పోయాయి, బాకీ వసూలు దావా నిలుస్తుందా?

ప్రశ్న: పలాసలో జీడిపప్పు మిల్లు నడుపుతున్నాను. 2018 తిత్లీ తుపానులో చిట్టాలు, ఆవర్జాలు తడిసి పాడయ్యాక లెక్కలన్నీ క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాను. కన్నబిడ్డలా చూసుకున్న గుమస్తా చందా కట్టకుండానే వెళ్లిపోయాడు, కంపెనీ మా ఖాతా తొలగించింది. బరంపురం వ్యాపారి 11 లక్షలు బాకీ. మొదటి లోడు 2023 నవంబరు 20న, చివరిది 2024 ఫిబ్రవరి 6న పంపాను. చెల్లింపు గడువేదీ అనుకోలేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీపై దావా వేయవచ్చా? బిల్లులు మళ్లీ ముద్రించుకోవచ్చా?

జవాబు: గుమస్తా చేసిన దానితో బాకీ వసూలు దావాకు సంబంధం లేదు, దీన్ని తేల్చేది తేదీ. గడువు అనుకోకుండా సరుకు అమ్మితే, 1963 కాలపరిమితి చట్టం 14వ అధికరణం ప్రకారం సరుకు అప్పగించిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. ఏ లోడు లెక్క ఆ లోడుదే కనుక, చివరి లోడుకు వ్యవధి ఉందని ఆగితే, మొదటి లోడు సొమ్ముకు 2026 నవంబరులోనే కాలదోషం పడుతుంది. బరంపురం వ్యాపారి ఫోనులో "ఇచ్చేస్తానండీ" అన్నా, ఆ మాట ఆ గడువును పెంచదు. గడువు ముగియకముందే బాకీ ఒప్పుకుంటూ ఆయన సంతకం చేసి కాగితం ఇస్తేనే, 18వ సెక్షన్ కింద ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి.

ఇక సాక్ష్యం. మీ క్లౌడ్ లెక్కలు భద్రంగా ఉన్నా అవి మాత్రమే చాలవు. ఖాతా పద్దులు ఒక్కటే ఎవరిపైనా బాధ్యత మోపలేవని 2023 భారతీయ సాక్ష్య అధినియమం 28వ సెక్షన్ చెబుతోంది. సరుకు చేరిందని చూపాలి. జీఎస్టీ పోర్టల్‌లో మీరు దాఖలు చేసిన జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను)లో ప్రతి బిల్లు నంబరు, తేదీ, విలువ, ఆయన జీఎస్టీ నంబరు ఉంటాయి. దానితోపాటు ఈ-వే బిల్లులు (సరుకు రవాణాకు పోర్టల్‌లో తీసుకునే పత్రాలు), బ్యాంకు స్టేట్‌మెంటు, ఆయన ముద్ర పడిన లారీ రసీదులు సేకరించండి. వాట్సాప్ సందేశాలు కోర్టులో చెల్లాలంటే అదే సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం కావాలి, కనుక ఆ ఫోను మార్చకండి, ఒక్క సందేశమూ చెరపకండి.

పాత తేదీలతో బిల్లులు సృష్టించే ఆలోచన ఈ క్షణమే మానుకోండి. కోర్టులో వాడేందుకు తప్పుడు సాక్ష్యం తయారు చేస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు. పైగా ఒక్క దొంగ బిల్లు బయటపడితే నిజమైన బిల్లులనూ ఎవరూ నమ్మరు.

తప్పు మీదేనని కూడా చెప్పాలి. వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు లెక్కలు భద్రపరచే బాధ్యతను జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ వ్యాపారిపైనే పెట్టింది. తుపాను ఒకసారి చెప్పినా మీరు మళ్లీ ఒక్కచోటనే అన్నీ పెట్టారు. క్లౌడ్ మరొకరి గోదాము, అద్దె ఆగితే తాళం మారుతుంది. ఇకపై నెలనెలా లెక్కలను హార్డ్ డిస్కులోకి దించుకుని, దాన్ని మిల్లులో కాకుండా వేరేచోట ఉంచండి. మూడు నెలలకోసారి ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి.

సాఫ్ట్‌వేర్ కంపెనీకి ముందు డేటా పునరుద్ధరణ కోరుతూ ఈరోజే ఈమెయిల్ పంపండి. నష్టపరిహారం తర్వాతి మాట. ఇలాంటి ఒప్పందాల్లో చాలావాటిలో కంపెనీ బాధ్యత కట్టిన చందాకే పరిమితమై ఉంటుంది. మీ బాకీ మూడు లక్షలు దాటిన వాణిజ్య వివాదం కనుక, అత్యవసర ఉత్తర్వు కోరితే తప్ప, దావాకు ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మధ్యవర్తిత్వం తప్పనిసరి. ఆ కాలాన్ని గడువులో లెక్కించరు. వకీలు నోటీసు మాత్రం గడువును ఆపదు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పాత రసీదులు పారేయకముందే రేపే వెళ్లి ముద్ర వేయించిన నకళ్లు తీసుకోండి.