బీరువా తాళం తీయండి

ప్రశ్న: మావాడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. టెన్త్‌లో మంచి మార్కులు తెస్తే ప్లేస్టేషన్ కొనిస్తానన్నాను. తెచ్చాడు, కొనిచ్చాను. అప్పటి నుంచి టెక్కెన్ అనే కొట్లాట ఆటే లోకం. కాలేజీ నుంచి వచ్చాక రోజూ రెండు గంటలు దాని ముందే. రాత్రి పదకొండుకల్లా పడుకుంటాడు, కాలేజీ మానడు. ఫస్టియర్‌లో 470కి 418 వచ్చాయి. ఇప్పుడు ప్రొఫెషనల్ ప్లేయర్ అవుతానంటున్నాడు, కాదంటే గేమ్ డిజైన్ కోర్సు అంటున్నాడు. మా వీధిలో ఒకబ్బాయి ఆన్‌లైన్ రమ్మీలో లక్షలు పోగొట్టాడు. భయపడి నెల కిందట కంట్రోలర్ బీరువాలో పెట్టి తాళం వేశాను. అప్పటి నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. సీఎస్ఈ మంచిదా, గేమ్ డిజైన్ మంచిదా? పోల్చి చెప్పండి. – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అయ్యా, కోర్సుల పోలిక అడిగారు, చెప్తాను. కానీ మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివింది ఆ ప్రశ్న కాదు, ‘నాతో సరిగ్గా మాట్లాడటం లేదు’ అన్న మాట. ప్రతి ఏడాదీ ఈ రోజుల్లో ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. ఆట పేరు మారుతుందంతే. ఒకప్పుడు పబ్జీ, 2020లో దాన్ని నిషేధించాక దాని భారతీయ రూపం బీజీఎంఐ, ఇప్పుడు మీ ఇంట్లో టెక్కెన్. పిల్లాడు చేయి దాటిపోతున్నాడేమోనన్న భయం మాత్రం అందరిదీ ఒకటే. అందుకే ముందు దాని గురించి చెప్తాను. మీవాడు చెడిపోలేదు. 418 మార్కులు తెచ్చుకుని, వేళకు పడుకుని, కాలేజీ మానకుండా వెళ్లే పిల్లాడు ఎక్కడా చెడిపోలేదు. ఈ రాత్రి నిశ్చింతగా నిద్రపోండి.

మీ వీధి అబ్బాయి సంగతి వేరు. అతను ఆడింది డబ్బు పెట్టి డబ్బు కోసం ఆడే ఆట. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కూడా ఈ రెంటినీ విడదీసే చూసింది. పందేల ఆటలను నిషేధించింది, పోటీగా ఆడే వీడియో ఆటలను, అంటే ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించింది. టెక్కెన్‌లో పందెం లేదు. ఆట కొన్నాక కూడా అదనపు పాత్రలు, వేషాలు అమ్ముతుంటారు కాబట్టి, మీ కార్డు ఆ ఖాతాలో సేవ్ అయి ఉంటే తీసేయండి, చాలు. నిద్రా తిండీ మాని, చదువు గాలికొదిలేసి నెలల తరబడి ఆడే పిల్లలు ఉన్నారు. వాళ్లకు వైద్యుల సాయం కావాలి, బెంగళూరు నిమ్‌హాన్స్‌లో అందుకోసమే ప్రత్యేక క్లినిక్ కూడా ఉంది. మీరు రాసినదాంట్లో అలాంటి లక్షణం ఒక్కటీ కనిపించలేదు.

ఇక ఆ ‘కొట్లాట ఆట’ సంగతి. నాకూ ఒకప్పుడు అవి తన్నుకోవడంలాగే కనిపించేవి. రెండేళ్ల కిందట మీవాడి వయసు కుర్రాడొకడు వాళ్లమ్మతో మా ఆఫీసుకు వచ్చాడు. ఆమె కోపంగా అతని సంచిలోంచి లాంగ్ నోట్‌బుక్ తీసి నా బల్ల మీద పెట్టారు. ‘ఫిజిక్స్ నోట్సు అనుకున్నాను సార్, చూడండి ఏం రాశాడో’ అన్నారు. పేజీ నిండా స్కేలుతో గీసిన గడులు. ఎడమ వైపు దెబ్బల పేర్లు, కుడి వైపు మైనస్ 10, మైనస్ 12, మైనస్ 15. ఏంటివి అని అడిగాను. సెకనుకు ఆటలో 60 ఫ్రేములు, అంటే తెర మీద మారే బొమ్మలు, ఉంటాయట. అన్నిటికంటే చురుకైన గుద్దు తగలడానికి 10 ఫ్రేములు పడుతుంది, అంటే సెకనులో ఆరో వంతు. ఎదుటివాడు కొట్టిన దెబ్బను మనం కాచుకున్నాక వాడు తేరుకోవడానికి మనకంటే 10 ఫ్రేములు ఎక్కువ పట్టిందంటే (మైనస్ 10 అంటే అదే) మన గుద్దు తప్పకుండా తగులుతుంది. ఒక్క ఫ్రేము ఆలస్యమైతే తగలదు. ‘ఇదంతా బట్టీ పట్టావారా?’ అని తల్లి అడిగింది. ‘లేదమ్మా, ఓడిపోయినప్పుడల్లా ఎందుకు ఓడిపోయానో చూసుకుని రాసుకున్నా’ అన్నాడు. ఆవిడ ఆ పుస్తకాన్ని మళ్లీ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

ఈ ఆటలో జట్టు ఉండదు. ఓడితే నెపం వేయడానికి పక్కవాడు ఉండడు. రీప్లే పెట్టుకుని తన తప్పు తానే వెతుక్కోవాలి. మాక్ టెస్టులో తప్పు పోయిన లెక్కలను మళ్లీ చూడమని మనం పిల్లల వెంటపడి బతిమాలుతుంటాం. మీవాడు ఆ పని రోజూ ఎవరూ చెప్పకుండానే చేస్తున్నాడు. ఆ అలవాటు చదువులోకి తానంతట తాను రాదు, ఎవరో ఒకరు దారి చూపించాలి. ఆ దారి చూపించాల్సింది మీరు.

మీరు నొచ్చుకున్నా ఒక మాట చెప్పక తప్పదు. మార్కులు తెస్తే కొనిస్తానని మాటిచ్చింది మీరే. తెచ్చాడు. తర్వాత 418 కూడా తెచ్చాడు. ఏం తప్పు చేశాడని తాళం వేశారు? వీధిలో ఎవరో పోగొట్టుకున్న డబ్బుకు మీవాడికి శిక్ష వేశారు. మాట నిలబెట్టుకున్న పిల్లాడి దగ్గర మాట తప్పింది పెద్దవాళ్లు. అతను మాట్లాడకపోవడానికి కారణం ఆట కాదు, ఇది. ఇంకో విషయం, అతను ఆడుతుండగా మీరు పక్కన కూర్చుని ఒక్క మ్యాచ్ అయినా చూశారా? ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు.

ఇప్పుడు ప్రొఫెషనల్ ప్లేయర్ ముచ్చట. ఈ భాగం మీవాడికి కూడా చదివి వినిపించండి. టెక్కెన్ ఆడే ప్రతి పిల్లాడికీ లాహోర్‌కు చెందిన అర్సలాన్ యాష్ పేరు తెలుసు. 2019లో జపాన్‌లో జరిగిన, కొట్లాట ఆటల్లో పేరున్న ఈవో టోర్నమెంటు, అదే ఏడాది లాస్ వేగాస్‌లో జరిగిన ఈవో, రెండూ గెలిచాడు. స్ట్రీట్ ఫైటర్ అనే మరో కొట్లాట ఆటలో 2024 క్యాప్‌కామ్ కప్ టోర్నమెంటు గెలిచిన తైవాన్ ఆటగాడు ఉమాకు పది లక్షల డాలర్లు ఇచ్చారు. ఇవి నిజాలే. కానీ అంత మొత్తం మొదటివాడికే, కింది స్థానాల్లోవాళ్లకు వచ్చేది అందులో చిన్న ముక్క. పైగా ఇది ఒంటరి ఆట. జట్టు ఆటల్లో పెద్ద టీములు నెల జీతాలు ఇవ్వడం ఉంది. ఇక్కడ మన దేశపు కుర్రాడికి విమానం టికెట్టు, వీసా, హోటలు సాధారణంగా సొంత ఖర్చే. ఈ ఆటల్లో దిగ్గజం అనదగ్గ డైగో ఉమెహారా కూడా మధ్యలో ఆట వదిలేసి జపాన్‌లో వృద్ధులను చూసుకునే ఉద్యోగం చేశాడు. తర్వాత తిరిగొచ్చి 2009, 2010 ఈవోలు గెలిచాడు. అంతటివాడికే ఆట ఒక్కటే చాలా కాలం కూడు పెట్టలేదు.

అయితే ఇందులోనే మీకు ఊరట కలిగించే సంగతి ఒకటుంది. ‘ఇప్పుడు కాకపోతే వయసు దాటిపోతుంది’ అని పిల్లలు అంటుంటారు, మీవాడూ అనే ఉంటాడు. ఈ ఆటల్లో అది నిజం కాదు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ స్వర్ణం గెలిచిన దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్‌వూకు అప్పుడు 44 ఏళ్లు. 2017లో ఈవో గెలిచిన టొకిడో టోక్యో యూనివర్సిటీలో చదువుకున్నవాడు. డిగ్రీ చేతికొచ్చేదాకా ఆగితే మీవాడికి పోయేదేమీ లేదు. చదువు మానేసి ఆడతానంటే నేను ఒప్పుకోను. చదువుకుంటూ వారాంతాల్లో టోర్నమెంట్లు ఆడతానంటే మీరు వద్దనకండి.

గేమ్ డిజైన్ కోర్సుల దగ్గరే నాకు అనుమానం ఎక్కువ. నాలుగేళ్ల కిందట బొమ్మలు అద్భుతంగా వేసే ఒక అమ్మాయికి, ఒక ప్రైవేటు సంస్థ బ్రోషర్ చూసి ‘చేరు తల్లీ’ అని నేనే చెప్పాను. వాళ్ల నాన్న లోను తీశారు. మూడో సంవత్సరంలో ఫోన్ చేసింది. అప్పటిదాకా ఒక్క ఆట కూడా మొదలు నుంచి చివరిదాకా తయారు చేయలేదట. పాఠాలు చెప్పేవాళ్లలో స్టూడియోలో పనిచేసినవాళ్లు లేరు. ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ ఎక్కడుందో చూపించడమే పాఠం. ఆ తప్పు నాది. ఆ సంస్థ గడప తొక్కకుండా సలహా ఇచ్చాను. అమ్మాయి సొంతంగా నేర్చుకుని నిలదొక్కుకుంది, ఆ గొప్ప ఆమెదే. అప్పటి నుంచి ఎవరడిగినా నేను ఒకటే చెప్తున్నాను. బ్రోషర్ పక్కన పెట్టి, అక్కడి ఫైనలియర్ పిల్లలు చేసిన ఆటను తెప్పించుకుని మీ ఇంట్లో ఆడి చూడండి. చూపించడానికి ఆట లేకపోతే చేరకండి. పాఠం చెప్పేవాళ్లు ఏ ఆటకు పనిచేశారో అడగండి. బీటెక్ సీఎస్ఈకి ‘గేమింగ్’ అని తోక తగిలించి ఫీజు పెంచే కాలేజీలనూ ఇలాగే పరీక్షించండి. నాలుగేళ్లలో రెండు సబ్జెక్టులకు మించి తేడా లేకపోతే ఆ తోక కోసం డబ్బు పోయకండి.

పోలిక అడిగారు కాబట్టి తేల్చి చెప్తున్నాను, మీవాడికి సీఎస్ఈ. అందులో చేరితే మార్గం ఏదీ మూసుకోదు, ఆటల వైపూ వెళ్లొచ్చు, వేరే వైపూ వెళ్లొచ్చు. డిజైన్ మీదే మనసు నిలిస్తే జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీ, ఐఐటీల బీడిజైన్ (డిజైన్ డిగ్రీ) ప్రవేశ పరీక్షలు రాయనివ్వండి, దొరికిన ప్రైవేటు సీటులో మాత్రం వేయకండి. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి ఆటలు తయారు చేసే స్టూడియోలు ఉన్నాయి, ప్రోగ్రామింగ్ గట్టిగా వచ్చినవాళ్లకు అక్కడ చోటుంటుంది. ఆన్‌లైన్‌లో ఈ ఆటలు ఆడేటప్పుడు ఎదుటివాడు నొక్కిన బటన్ మనదాకా రావడానికి పట్టే ఆలస్యం పెద్ద బెడద. దానికి విరుగుడు కనిపెట్టినవాళ్లలో ముఖ్యుడు టోనీ కానన్. అతను ప్రోగ్రామర్, ఈవోను స్థాపించినవాళ్లలో ఒకడు. ఆ విరుగుడులో, ఎదుటివాడు ఏం నొక్కుతాడో కంప్యూటర్ ముందే ఊహించి ఆటను నడిపిస్తుంది. ఊహ తప్పితే కొన్ని ఫ్రేములు వెనక్కి వెళ్లి, సరిచేసుకుని, మనకు తెలియకుండానే మళ్లీ ముందుకు వస్తుంది. దాన్నే రోల్‌బ్యాక్ అంటారు. మీవాడికి ఆ పేరు తెలిసే ఉంటుంది. దాని వెనక ఉన్న ప్రోగ్రామ్ ఎలా పనిచేస్తుందో కూడా తెలుసుకోవాలని ఉందా అని అడగండి.

అతనికి నిజంగా ఆట తయారు చేయాలని ఉందో, ఆడటమే ఇష్టమో తేలడానికి ఫీజు కట్టక్కర్లేదు. టెక్కెన్ 8 తయారీకి వాడిన అన్‌రియల్ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి ఉచితంగా దొరుకుతుంది. పరీక్షలయ్యాక సెలవుల్లో రెండు పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకునే చిన్న ఆట చేయమనండి. మూడు వారాల తర్వాత కూడా దాని ముందే కూర్చుని ఉంటే అప్పుడు నాకు మళ్లీ రాయండి. నాలుగో రోజే విసుగొస్తే ఆటను ఆటగానే ఆడుకోనివ్వండి.

ఈ రాత్రికి బీరువా తాళం తీసి కంట్రోలర్ అతని చేతికివ్వండి. వేళలు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. చదువు రోజుల్లో గంట, ఆదివారం ఇంకొంచెం. పరీక్షల ముందు ఎన్నాళ్లు పక్కన పెట్టాలో అతన్నే చెప్పమనండి. తర్వాత ఓడిపోయిన మ్యాచ్ ఒకటి రీప్లే పెట్టమని, ఎక్కడ దెబ్బ తిన్నాడో చూపించమని అడగండి. మొదట ఒకటి రెండు ముక్కల్లో చెప్తాడు, కాసేపటికి ఆగకుండా చెప్తాడు. సగం మీకు అర్థం కాదు, అయినా వినండి. ఆ అరగంటలో ఎప్‌సెట్ మాట మాత్రం ఎత్తకండి.