నానమ్మ వెళ్ళే రోజున పాపకు ఏమని చెప్పాలి?

పది నెలల వయసులో కరీంనగర్‌కు పంపిన పాపను రెండేళ్ళ తరువాత అమెరికాకు, న్యూజెర్సీలోని ఎడిసన్‌కు తెచ్చుకున్నామని, తోడుగా వచ్చిన మీ అత్తగారు వచ్చే నెల తిరిగి వెళ్ళిపోతున్నారని, పాప మీ చేతి ముద్ద తినడం లేదని, రాత్రిళ్ళు నానమ్మ పక్కన తప్ప పడుకోవడం లేదని రాశారు. డేకేర్ ఏది మంచిది, ఇంట్లో ఇంగ్లీషు మొదలుపెట్టాలా, సైకాలజిస్టుకు చూపిస్తే రేపు గ్రీన్‌కార్డుకు అడ్డం వస్తుందా అని వరుసగా అడిగి, చివరన ఒక్క వాక్యం కలిపారు: అత్తయ్య బయలుదేరే వేళకు పాపను నిద్రపుచ్చి, చప్పుడు కాకుండా వెళ్ళిపోతే ఏడుపు తప్పుతుందని ఇంట్లో అందరూ అంటున్నారని. మిగిలిన వాటికి జవాబులు మీకు ఎక్కడైనా దొరుకుతాయి. ఈ ఒక్కదానికి మాత్రం దయచేసి ఒప్పుకోకండి. ఎందుకు వద్దంటున్నానో కాస్త వివరంగానే చెబుతాను, ఓపికగా చదవండి.

మేము ఈ దేశానికి 2004లో వచ్చాము. 2006లో మా అబ్బాయి పుట్టినప్పుడు పురుడు పోయడానికి మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. విజిటర్ వీసా మీద వచ్చినవారికి సాధారణంగా ఇచ్చే ఆరు నెలలూ అయిపోతుండగా, నా కాంట్రాక్టు ఉద్యోగం నిలుస్తుందో లేదో తెలియని స్థితిలో, డేకేర్‌కు కట్టవలసిన డబ్బు నా జీతంలో సగానికి పైగా పోతుందని లెక్కలు వేసుకుని, పిల్లవాడిని అమ్మతో పంపించాము. ఆ రోజుల్లో ఇలా పంపిన తెలుగు ఇళ్ళు మా అపార్టుమెంట్లలోనే ఎన్నో ఉండేవి, కానీ ఎవరూ పైకి చెప్పుకునేవారు కాదు. 2009లో వాడిని వెనక్కి తెచ్చుకునేనాటికి వాడి దృష్టిలో అమ్మ అంటే మా అమ్మే. నేను ‘ఫోను అమ్మ’ను. ఎదురుగా నిలబడి ఎత్తుకోబోతే, ఫోనులో ఉండవలసిన మనిషి ఇక్కడికెలా వచ్చిందన్నట్టు నా ముఖంలోకి చూసేవాడు.

అమ్మ కొన్ని వారాలు ఉండి వెళ్ళిపోయింది. ఎలా వెళ్ళిందంటే, ఇప్పుడు మీ ఇంట్లో అనుకుంటున్నట్టే వెళ్ళింది. మధ్యాహ్నం పెరుగన్నం తినిపించి, జోకొట్టి, వాడు నిద్రపోగానే చెప్పులు చేతిలో పట్టుకుని మెట్లు దిగింది. లేచాక వాడు స్నానాల గది తలుపు తీసి చూశాడు, బట్టల అలమరలో చూశాడు, కిటికీ తెర ఎత్తి చూశాడు. చివరికి వీధి తలుపు ముందు కూర్చున్నాడు. పెద్దగా ఏడవలేదు. పిల్లవాడు గట్టివాడని, ఇట్టే సర్దుకున్నాడని ఆ రాత్రి అమ్మకు ఫోనులో గొప్పగా చెప్పాను కూడా. అయితే ఆ రాత్రి నుంచే వాడు నిద్రకు భయపడడం మొదలుపెట్టాడు. కళ్ళు మూతలు పడుతుంటే ఉలిక్కిపడి లేచి, గదిలో మనుషులు ఎందరున్నారో చూసుకునేవాడు. నా కొంగు గుప్పిట్లో పట్టుకుంటే నాకు దగ్గరవుతున్నాడని మురిసిపోయాను. నన్ను కాపలా కాస్తున్నాడని అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. కళ్ళు మూసుకుంటే మనుషులు మాయమవుతారని మూడేళ్ళ పిల్లవాడికి నేర్పింది మేమే కదా.

రెండో తెలివితక్కువ పని ఫోను విషయంలో చేశాము. ఇప్పుడు వచ్చేవారికి వాట్సాప్ ఉంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు ముఖాలు చూసుకుంటారు. మాకు కాలింగ్ కార్డు గీకి, ఆ పొడుగాటి పిన్ నంబరు నొక్కితే గాని తెనాలి పలికేది కాదు. అమ్మతో మాట్లాడిన ప్రతిసారీ వాడు గంటసేపు ఏడ్చేవాడు. కొన్నాళ్ళు మాట్లాడించడం మానేయండి, అదే మరిచిపోతాడని తెలిసినవారు సలహా ఇచ్చారు. మానేశాము. వాడు అడగడం మానేశాడు. ఆపైన మాకు తెలియకుండానే మిగతా మాటలు కూడా తగ్గించేశాడు. డేకేర్‌లో టీచర్లు మాత్రం మీ వాడంత బుద్ధిమంతుడు లేడు, ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉంటాడని మెచ్చుకునేవారు. ఆ మెప్పు విని సంతోషించిన నేను, అప్పుడే అనుమానించి ఉండవలసింది.

ఈ స్థితి గురించి పెద్దలు మా కంటే ఎంతో ముందే చెప్పి ఉన్నారు. 1950ల నాటి బ్రిటన్‌లో, తల్లిదండ్రులు వచ్చి చూడడానికి కూడా గట్టి కట్టుబాట్లున్న ఆసుపత్రులలో రోజుల తరబడి ఒంటరిగా ఉండవలసి వచ్చిన చిన్నపిల్లలను గమనించి, జేమ్స్ రాబర్ట్‌సన్, జాన్ బౌల్బీ అనే ఇద్దరు పరిశోధకులు మూడు దశలను వివరించారు. మొదట పిల్లవాడు ఏడ్చి గోల చేస్తాడు, తరువాత నీరసించి దిగులు పడతాడు, ఆ తరువాత ఎవరూ అక్కరలేనట్టు ప్రశాంతంగా కనిపిస్తాడు. నర్సులు ఆ మూడో దశను చూసి పిల్లవాడు అలవాటుపడ్డాడని అనుకునేవారట. మేము కూడా సరిగ్గా అదే అనుకున్నాము. అందువల్ల పాప ఏడుస్తుందని మీరు భయపడుతున్నారు గాని, ఏడవడం ఆ వయసుకు ఆరోగ్యమైన పని. నానమ్మ వెళ్ళిన రోజున అది బొత్తిగా ఏడవకపోతే నాకు రాయండి.

మా ఇంట్లో పరిస్థితి మారడానికి కారణం మా పిల్లల డాక్టరు. పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడని తీసుకువెళితే, కడుపు నొక్కి చూశాక, రాత్రి ఎవరు నిద్రపుచ్చుతారు, ఇదివరకు ఎవరు నిద్రపుచ్చేవారు అని అడిగారు. ఆ వయసులో దిగులు కడుపునొప్పిగానో, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలుపెట్టడంగానో, పాలసీసా కావాలని మారాం చేయడంగానో బయటపడుతుందని చెప్పి, రోజూ ఒకే వేళకు అమ్మమ్మకు ఫోను చేయించమన్నారు. ఏడిస్తే ఏడవనివ్వండి, మీరు పక్కన ఉండండి అన్నారు. అప్పటికి నేను చేసిన ఇంకో ఘనకార్యం కూడా బయటపడింది. అమ్మ తన నేత చీర ఒకటి వాడికి కప్పుకోవడానికి వదిలి వెళితే, పిల్లవాడి పక్కలో మాసిన చీర ఏమిటని ఘాటైన సువాసనల సబ్బుపొడి వేసి ఉతికేశాను. ఆ రాత్రి వాడు దాన్ని వాసన చూసి, మడత కూడా విప్పకుండా మంచం కిందకు తోసేశాడు. అమ్మ తను కట్టి విడిచిన ఇంకో చీరను కవరులో కట్టి, అమెరికా వస్తున్న వారెవరి చేతో పంపించేవరకు వాడికి సరైన నిద్ర లేదు.

ఇక మీరు ఈ నెలలో చేయవలసిన పనులు చెబుతాను. పాపను మీ అత్తగారి ఒళ్ళోంచి లాగి మీ ఒళ్ళో వేసుకోవాలని చూడకండి. ఆవిడ ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉండగా మీరు ముద్ద పెట్టండి. ఆవిడ స్నానం చేయిస్తుంటే మీరు చెంబుతో నీళ్ళు పోయండి. కొన్నాళ్ళకు మీరు స్నానం చేయిస్తుంటే ఆవిడ తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చుంటారు. నానమ్మ కళ్ళెదుట, నానమ్మ ఇష్టంతో జరిగే మార్పును పిల్ల ఒప్పుకుంటుంది. ఇందుకు మీకు, మీ అత్తగారికి మధ్య సఖ్యత కావాలి. మీ ఉత్తరంలో ఎక్కడా అనకపోయినా, పాప ఆవిడ వెంటపడుతుంటే మీకు కష్టంగా ఉందని రెండు మూడు చోట్ల కనబడింది. నాకూ మా అమ్మ మీద, కన్నతల్లి అని కూడా చూడకుండా, అసూయ కలిగింది. పాప మిమ్మల్ని కాదనడం లేదు. ఆ పిల్లకు తెలిసిన తల్లి వెళ్ళిపోబోతోంది, అంతే. మీరు పోటీకి దిగితే నానమ్మ పేరు ఎత్తడమే తప్పు కాబోలు అనుకుని పిల్ల ఆ దిగులును లోపలే దాచుకుంటుంది.

వెళ్ళే సంగతి నెల ముందే చెప్పినా మూడేళ్ళు నిండని పిల్లకు అర్థం కాదు. మూడు నాలుగు రోజుల ముందు చెప్పండి. పెట్టె పాప ముందే సర్దండి, తన బొమ్మో గౌనో ఒకటి అందులో పెట్టనివ్వండి. నానమ్మ విమానంలో తాతయ్య దగ్గరకు వెళుతుంది, నువ్వు అమ్మా నాన్నల దగ్గరే ఉంటావు, రోజూ పొద్దున్నే నానమ్మతో మాట్లాడతావు అని ఉన్నమాట చెప్పండి. రేపు వచ్చేస్తుందని, బజారుకు వెళ్ళిందని అబద్ధం చెప్పకండి. న్యూవర్క్ విమానాశ్రయానికి తీసుకువెళ్ళి చేయి ఊపించండి. అక్కడ నేల మీద పడి ఏడుస్తుంది, నలుగురూ చూస్తారు, చూడనివ్వండి. ఉతకని చీర సంగతి మరిచిపోకండి. వీడియో కాల్ విషయంలో పిల్లలకు స్క్రీన్ మంచిది కాదన్న సందేహం అక్కరలేదు. ఏడాదిన్నర లోపు పిల్లలకు స్క్రీన్ వద్దని చెప్పిన అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా వీడియో కాల్‌ను మినహాయించింది. ఇక్కడ ఉదయం ఎనిమిదయితే కరీంనగర్‌లో సాయంత్రం, అందరూ తీరికగా ఉండే వేళ.

రెండు తగిలిస్తే మాట వింటుందని చెప్పేవారు మీకూ ఉండే ఉంటారు. ఇక్కడి చట్టం ఏమంటుందో, డేకేర్ టీచర్లకు ఏ బాధ్యత ఉందో అధికారిక సమాచారంలో చూసుకోండి. నాకు తెలిసినంతలో, ఒక ఒడి పోగొట్టుకుని వచ్చిన పిల్లను రెండో ఒడి కొడితే అది ఇంకెక్కడికి వెళ్ళాలి?

ఇప్పుడు నేను ఎప్పుడూ చెప్పే మాటకు వస్తాను. ఈ ఒంటరితనం మాట ఎత్తితే మా ఆయన నవ్వుతారు, పిల్లలకు జలుబు చేసినా దాని మీదకే తోస్తానంటారు. నవ్వినా సరే, ఈ దేశంలో మన పిల్లల మనసుకు తగిలే దెబ్బల్లో చాలావాటికి మూలం అదేనని ఇరవై ఏళ్ళు చూసిన మీదట నా అభిప్రాయం. కరీంనగర్‌లో పాప చుట్టూ పాలవాడు, పక్కింటి అత్త, మేడ మీది పిల్లలు, వచ్చిపోయే చుట్టాలు ఉండి ఉంటారు. ఇక్కడ డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడిపోతుంది, తలుపు వేస్తే ముగ్గురే మనుషులు, వారిలో ఒకరు ఆఫీసు కాల్‌లో ఉంటారు. పిల్ల నానమ్మను ఒక్కదాన్నే పోగొట్టుకోలేదు, ఊరు ఊరినంతా పోగొట్టుకుంది. మీరు మాత్రం? మీకు మాట్లాడే మనిషి లేకపోతే ఆ చిరాకు సాయంత్రానికి పిల్ల మీదే తేలుతుంది. నాకు అలాగే తేలేది. అందుకే నేను మీకు మొదట చెప్పేది పాప సంగతి కాదు, మీ సంగతి. మీ ఇద్దరి కంపెనీలలో ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రాం ఉంటే, ఉచితంగా కొన్నిసార్లు కౌన్సెలర్‌తో మాట్లాడవచ్చు. మనవాళ్ళలో చాలామంది ఆ సంగతి కనుక్కోరు కూడా. శనివారం లైబ్రరీలో కథలు చెప్పే గంటకు వెళ్ళండి, ఎండ ఉంటే రూజ్‌వెల్ట్ పార్కుకు వెళ్ళండి, నెలకోసారైనా బ్రిడ్జ్‌వాటర్ గుడిలో పులిహోర తిని రండి. ఓక్‌ట్రీ రోడ్డులో కూరగాయలు కొనేటప్పుడు తెలుగు వినబడితే సిగ్గుపడకుండా పలకరించండి. నా ప్రాణస్నేహితురాలు నాకు అక్కడ బెండకాయల గంప దగ్గరే దొరికింది. ఇవతల మీ అత్తగారిని కూడా మరిచిపోకండి. రెండేళ్ళు పిల్లతో నిండిన ఇంటికి ఆవిడ వట్టి చేతులతో వెళుతున్నారు; రోజూ ఆ ఫోను ఆవిడకూ మందే.

మిగిలిన ప్రశ్నలు. ఇంట్లో తెలుగే మాట్లాడండి. పాప ఏడుపు, అలక, కథ అన్నీ ఆ భాషలోనే ఉన్నాయి, దాన్ని కూడా లాక్కుంటే మిగిలేదేమీ లేదు. ఇంగ్లీషు డేకేర్‌లో దానంతట అదే వస్తుంది. అక్కడ కొన్ని నెలలు నోరు విప్పకపోయినా ఇంట్లో వాగుతుంటే కంగారు లేదు. తెలుగువారి పిల్లలతో కూడా మాట్లాడకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా, పిలిస్తే పలకకపోయినా, దెబ్బ తగిలినప్పుడు కూడా ఎవరి దగ్గరకూ రాకపోయినా ఆలస్యం చేయకండి. ఇక్కడ పద్దెనిమిది, ఇరవై నాలుగు నెలలకు ఆటిజం కోసం పిల్లలందరినీ పరీక్షిస్తారు. పాప అప్పుడు కరీంనగర్‌లో ఉంది గనుక డాక్టరును మీరే అడగాలి. మూడేళ్ళు నిండితే మీ స్కూల్ డిస్ట్రిక్టులో, పిల్లలకు ప్రత్యేక సాయం అవసరమా అని పరీక్షించే చైల్డ్ స్టడీ టీమ్‌కు లిఖితపూర్వకంగా రాయండి. వారు మీ సంతకం లేకుండా పరీక్షలు చేయరు, అందుకు డబ్బు తీసుకోరు, మీరు ఏ వీసా మీద ఉన్నా పాపకు ఆ హక్కు ఉంటుంది. పిల్లను సైకాలజిస్టుకు చూపించినంత మాత్రాన గ్రీన్‌కార్డు ఆగదు. మనసు ఊరుకోకపోతే మీ లాయరును ఒక్క మాట అడగండి. మీకే రాత్రిపూట భరించలేనంతగా ఉంటే, మనసు కష్టంలో ఉన్నవారికి ఇక్కడ సాయం చేసే 988 నంబరుకు ఫోను చేయవచ్చు, మెసేజీ పంపవచ్చు. డేకేర్ పేరు అడిగారు గాని నేను పేర్లు చెప్పను. పాపను తీసుకునే టీచరు నెలనెలా మారిపోతుందా, ఒక్కరే ఉంటారా అన్నది చూసి ఎంచుకోండి, గోడల మీది రంగులు చూసి కాదు. నానమ్మ వెళ్ళిన వారంలోనే డేకేర్ మొదలుపెట్టకండి. ఆవిడ ఉండగానే కొన్ని పూటలు పంపి అలవాటు చేయండి.

అత్తగారి టికెట్టు ఇంకా కొనలేదని రాశారు. కొనేటప్పుడు శుక్రవారం బయలుదేరేలా కొనండి, మీరూ మీ వారూ సోమ, మంగళవారాలు సెలవు పెట్టండి. వారం మధ్యలో టికెట్టు కొంత చవకగా దొరుకుతుందని మీ వారు తప్పకుండా అంటారు. మా ఆయనా అన్నారు.