మగ్గం మాటల వికీ కడుతున్న తమ్మునికి

హన్మకొండ

తమ్మీ,

నువ్వు పంపిన ఫైళ్లు చూసిన. వరంగల్ కొత్తవాడల జంపఖానాలు నేసేటోళ్ల మాటలకు వికీ పెట్టి, పడుగు (నిలువు దారాలు), పేక (అడ్డం దారం), నాడె (పేకను అటూఇటూ తీసుకపోయేది) అన్న మాట మీద వేలు పెడితే అర్థం కనపడేటట్టు మీడియావికీకి (వికీపీడియాను నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్స్‌టెన్షన్ (అదనపు పని చేసే కోడ్) రాస్తున్నవంటే సంతోషమైంది. ఆ కోడ్‌ను నడుస్తున్న వికీలనే నేరుగా దిద్దుతున్నవని చదివినంక మాత్రం గుండె గుబేలుమన్నది.

నేనూ గట్లనే చేసిన ఒకప్పుడు. ఒక కాలేజీ వికీకి సాయంత్రం పూట ఫైలు ఎక్కించి బస్సెక్కిన. ఒక్క సెమికోలన్ మరిచిన. ఇల్లు చేరేసరికి వికీ మొత్తం తెల్లకాగితం.

ముందు నీ ల్యాప్‌టాప్‌ల రెండో వికీ పెట్టు. మీడియావికీ సోర్సును, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌తోని దింపుకుంటే డాకర్‌ల (సాఫ్ట్‌వేర్‌ను విడి డబ్బాల ఉంచే పనిముట్టు) నడిపే అమరిక అండ్లనే ఉంటది, డేటాబేసుకు ఎస్‌క్యూలైట్ చాలు. లోకల్‌సెట్టింగ్స్‌ల (వికీ అమరికలుండే ఫైలు) నీ ఎక్స్‌టెన్షన్‌ను పిలిచే లైను ఒకటి, తప్పుల వివరాలు తెర మీద చూపించే లైను ఇంకొకటి రాయి. ఈ రెండోది అసలు వికీల వద్దు, లోపలి గుట్టంతా బయటపడ్తది. లోకల్‌సెట్టింగ్స్‌ను గిట్‌ల ఎక్కియ్యనే ఎక్కియ్యకు. డేటాబేసు పాస్‌వర్డు ఉండేది అండ్లనే, ఒకసారి కమిట్ అయితే (గిట్‌ల మార్పు నమోదైతే) ఫైలు తీసేసినా చరిత్రల మిగిలే ఉంటది.

"కోడ్ మార్చినా పేజీ మారుతలేదు" అని అడిగినవ్ కదా, అది నీ తప్పు కాదు. వికీ ఒకసారి వండిన పేజీని దాచిపెట్టుకొని అదే వడ్డిస్తది. పేజీని పర్జ్ చేస్తే (దాచినదాన్ని తుడిస్తే) మళ్ల వండుతది. ఇది తెలియక నేను రెండు రోజులు పోగొట్టుకున్న.

నీ పరీక్ష పేజీలన్నిట్ల 'ఏబీసీ', 'టెస్ట్' అనే రాసినవేంది? కథలు రాసేటోనివి, తెలుగుకు కరువా! వేలు పెడితే తెరుచుకునే చిన్న డబ్బాల పట్టాలని అర్థాన్ని సబ్‌స్ట్రింగ్ అనే పీహెచ్‌పీ ఫంక్షన్‌తోని కోస్తున్నవ్. అది లెక్కపెట్టేది అక్షరాలను కాదు, బైట్లను (కంప్యూటరు నిల్వ ముక్కలను). 'వరంగల్' కంటికి నాలుగక్షరాలు. అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్‌ల సున్న వేరే, పొల్లు వేరే కాబట్టి ఆరు ముక్కలు. వాటిని బైట్లుగా దాచే యూటీఎఫ్-8ల 18 బైట్లు. 10 బైట్ల దగ్గర కోస్తే 'వరం' తర్వాత గ ముక్కలై ప్రశ్నగుర్తు తేలుతది. మల్టీబైట్ ఫంక్షన్‌తోని ఐదు దగ్గర కోసినా పొల్లు ఊడి 'వరంగల' అయితది. అసలు కోయకుండా డబ్బా సైజు సంగతి పేజీ రూపం చూసుకునే సీఎస్‌ఎస్‌కు వదిలెయ్యి. తప్పదంటే గ్రాఫీమ్‌ల (కంటికి ఒకటిగా కనపడే అక్షరాల) లెక్కన కోసే ఫంక్షన్ వాడు, అయినా ఒత్తుల దగ్గర కండ్లతోని చూసుకో.

కోడ్ నడుమ రాసిన తెలుగు వాక్యాలు తీసి, భాషల వాక్యాలుండే ఐ18ఎన్ ఫోల్డర్‌ల పెట్టు. ఇంగ్లిష్‌కు ఒక ఫైలు, తెలుగుకు ఒకటి, క్యూక్యూక్యూ అని ఇంకొకటి. ఈ మూడోది భాష కాదు, ఏ వాక్యం ఎక్కడ కనపడ్తదో అనువాదం చేసేటోళ్లకు చెప్పే నోటు. దీన్ని చానామంది మొక్కుబడికి రాస్తరు. 'పేక' అని ఒక్కటే కనపడితే చీట్లపేకనో మగ్గం పేకనో అవతలోళ్లకు ఎట్ల తెలుస్తది?

చదివేటోళ్లు నింపే అర్థాలను ఎస్కేప్ చెయ్యకుండ (కోడ్ గుర్తులను మామూలు అక్షరాలుగా మార్చకుండ) పేజీల పొయ్యకు. ఎవడో స్క్రిప్టు రాసి పెడ్తడు.

ఒక కమిట్‌ల ఒక్క మార్పే ఉండాలె. కంపోజర్ టెస్ట్ (కోడ్‌ల తప్పులు వెతికే కమాండ్) నడిపినంకనే పంపు. రేపు వికీమీడియా వాళ్ల గెరిట్‌కు (కోడ్‌ను పరిశీలించే చోటు) పోతే, వాళ్లు దిద్దమన్నప్పుడు కొత్త కమిట్ వెయ్యకు. పాతదాన్నే సవరించి పంపు, చేంజ్-ఐడీ (ఆ మార్పు గుర్తింపు) అదే ఉంటే దాని కిందనే కొత్త ప్యాచ్‌సెట్ (సవరించిన రూపం) అయితది. పరిశీలించేటోళ్లు దిద్దమని పెట్టే మైనస్ వన్ చూసి మొహం చిన్నబుచ్చుకోకు. నీ కథలకు ఎడిటర్ పెట్టిన ఎర్రగీతలకన్న నయమే.

అన్నట్టు కండెకు, నాడెకు ఒకటే అర్థం రాసినవ్. నాడె లోపల ఉండే దారపు చుట్ట కండె. దానికి ఏ టెస్టూ లేదు, కొత్తవాడకు పోయి మగ్గం పక్కన కూసోవాలె. ఆదివారం పోతే నన్నూ పిలువు.

మీ అన్న