ఆ పెరుగన్నం గిన్నె పక్కన పెట్టు

బుజ్జీ,

నీ లాబ్రడార్ పిల్ల వీడియో నాలుగుసార్లు చూశాను. భలే ముద్దొస్తోంది. కానీ దాని ముందున్న పెరుగన్నం గిన్నె చూడగానే గుండె గుభేలుమంది. మన పాత కుక్క జూలీ సంగతి మర్చిపోయావా? 'పాపం, నోటి వంకే చూస్తోంది' అంటూ ఇంట్లో నలుగురం తలో ముద్దా పెట్టాం, పండక్కి గులాబ్ జామూన్ కూడా. తొమ్మిదో ఏట మెట్లెక్కలేకపోయింది, పదో ఏడు చూడనే లేదు. తప్పు మాదే.

అమెరికాలో 48 లాబ్రడార్లను పిల్లలప్పటి నుంచి చివరిదాకా గమనించారు. సగం వాటికి తిండి 25 శాతం తగ్గించి పెట్టారు, 2002లో ఆ ఫలితాలు వచ్చాయి. తక్కువ తిన్నవాటిలో సగం 13 ఏళ్లు బతికాయి, రెండో గుంపులో ఆ లెక్క 11 దాటి కొంచెం. కీళ్ల జబ్బు కూడా తక్కువ తిన్నవాటికి ఆలస్యంగానే వచ్చింది. అలాగని పిల్లని పస్తు పెట్టకు, ఎదిగే వయసు. ఎంత పెట్టాలో డాక్టర్‌ని అడిగి కప్పుతో కొలిచి పెట్టు. పక్కల మీద తేలిగ్గా నిమిరితే, మన చేతి వెనకవైపు ఎముకలు తగిలినట్టు పక్కటెముకలు తగలాలి. తగల్లేదంటే లావెక్కినట్టే.

కుక్కల ఆయుష్షు పెంచుతుందేమోనని రాపామైసిన్ అనే మందు పరీక్షిస్తున్నారట, వస్తే చూద్దాం. ఈలోగా ఆ కప్పు కొను.

మన విశాఖ ఉక్కపోతకి పిడుదులు ఊరుకోవు. రోజూ చెవుల మడతల్లో, వేళ్ల సందుల్లో వెతుకు. నిన్న మా వీధి కుక్క చెవిలో శనగగింజంత లావు పిడుదు, బూడిద రంగులో నిగనిగలాడుతూ! కిరోసిన్ పొయ్యకు, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి తిన్నగా లాగు. తిండి మానేసి చిగుళ్లు పాలిపోతే పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ అనుకో, తెల్లారేదాకా ఆగొద్దు.

ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ దాని దగ్గరికే రానివ్వకు. టీకాలన్నీ పూర్తయ్యాకే ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లు, అదీ పొద్దున్నే. ఎండెక్కాక రోడ్డు మీద నీ అరచెయ్యి ఏడు సెకన్లు పెట్టలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు.

ఆదివారం మధురవాడ వస్తున్నా. పక్కటెముకలు నేనే తడిమి చూస్తా. గులాబ్ జామూన్ చేస్తే నాకు దాచు.

మీ అత్తయ్య