మెడ తిరగదని చెప్పినా రైడ్ ఎక్కించారు. కేసు నిలుస్తుందా?

ప్రశ్న: వకీలు సారుకు నమస్తే. మాది మర్రిగూడ మండలం, నాకు 47 ఏండ్లు, టైలర్ పని. చిన్నప్పటి సంది బోరు నీళ్లు తాగి పెరిగినోళ్లం, మెడ, నడుము పట్టేసినట్టే ఉంటయి. మెడ పూర్తిగ తిరగదు, గాని పని ఏనాడూ ఆగలేదు. దసరా సెలవులల్ల కొడుకు, బావమరిది పిల్లలతోని హైదరాబాద్ దిక్కు ఒక పార్కుకు పోయినం. టికెట్లు కొడుకే ఫోన్ల తీసిండు. ఒక పెద్ద రైడ్ కాడ గేటు మీదున్న పిలగాన్ని "నాకు మెడ తిరగదు బిడ్డా, ఎక్కొచ్చునా" అని అడిగిన. "ఏం కాదు అంకుల్, గట్టిగ పట్టుకొని కూసోండి" అన్నడు. దిగినంక చేతులు తిమ్మిరెక్కినయి. వారం తిరిగేసరికి సూదిల దారం ఎక్కియ్య చాతకాలే. ఎమ్మారై తీస్తే మెడకాడ వెన్నుపాము ఒత్తుకపోయిందన్నరు, ఆపరేషన్ అయింది. పార్కోళ్లనడిగితే బోర్డు పెట్టినం, టికెట్ మీద మాకు బాధ్యత లేదని రాసున్నది అంటున్నరు. ముందే రోగమున్నోనికి పైస రాదని ఊళ్లె అంటున్నరు. నిజమేనా సారూ?

జవాబు: మీ కేసు నిలుస్తుంది. ఊళ్లో వాళ్ల మాటలో సగం నిజముంది, అది తర్వాత చెబుతాను. ముందు మీరు గేటు దగ్గర అడిగిన ఆ ఒక్క ప్రశ్న సంగతి చూద్దాం, మీ కేసు బలమంతా అందులోనే ఉంది.

గుండె జబ్బు, బీపీ, మెడ నొప్పి, నడుము నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు ఎక్కరాదని పెద్ద రైడ్ల ముందు బోర్డు పెడతారు. దాన్ని ఊరికే కొట్టిపారేయలేం, న్యాయం ముందు దానికి బరువుంది. నడుము నొప్పి ఉన్న మనిషి బోర్డు చదివి, నోరు మెదపకుండా వెళ్లి కూర్చుని, దిగాక నొప్పి ఎక్కువైందని నా దగ్గరికొస్తే నేను కేసు తీసుకోను. తెలిసి తెచ్చుకున్న ముప్పుకు ఎదుటివాణ్ని బాధ్యుణ్ని చేయలేం. పిల్లల ఎత్తు గేటు దగ్గర కర్ర పెట్టి కొలుస్తారు. పెద్దమనిషి మెడలో ఏముందో ఏ కర్రతోనూ తెలియదు, అతనే చెప్పాలి.

మీరు చెప్పారు. ఆ క్షణం నుంచి పార్కుకు తెలిసినట్టే లెక్క. గేటు మీది కుర్రాడు వాళ్ల జీతగాడు, డ్యూటీలో ఉండి అతనన్న మాటకు యజమాని జవాబుదారీ. పైగా ఇప్పుడు వాళ్లు చూపిస్తున్న బోర్డే మీకు పనికొస్తుంది. మెడ బాగాలేనివాళ్లకు ఈ రైడ్ ప్రమాదమని వాళ్లకు ముందే తెలుసు, తెలిసీ ఎక్కించారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 'సేవ' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో వినోదం కూడా ఉంది. చెప్పాల్సిన సమాచారాన్ని కావాలని చెప్పకపోవడం సేవా లోపమేనని అదే చట్టం అంటుంది.

పార్కు తరఫు వకీలు మిమ్మల్ని మొదట అడిగేది "బోర్డు చూశారా?" అని. చూసి ఉంటే చూశాననే చెప్పండి, చూసి అనుమానమొచ్చే అడిగాననండి. చూడకపోతే చూడలేదనండి. బోర్డు ఏ భాషలో ఉంది, క్యూ మొదట్లో ఉందా లేక గంటసేపు నిలబడ్డాక మెట్ల మీద ఉందా అన్నది అప్పుడు లెక్కలోకొస్తుంది. ఏదైనా అతికించి చెప్పారో, క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే అవతలి వకీలు ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, నిమిషంలో ఊడిపోతుంది. ఎంత చేసినా మీ వంతు అజాగ్రత్త కొంత ఉందని ఈ ఫిర్యాదు వినే వినియోగదారుల కమిషన్ అనుకోవచ్చు, పరిహారంలో కొంత కోత పెట్టొచ్చు. దానికి మనసు సిద్ధం చేసుకోండి.

టికెట్ మీది రాత గురించి మాత్రం నిద్ర పాడుచేసుకోకండి. 1960ల్లో మద్రాసు హైకోర్టు ముందుకు ఒక లాండ్రీ కేసు వచ్చింది. ఉతకడానికిచ్చిన కొత్త చీర పోగొట్టి, విలువలో 15 శాతమే ఇస్తామని రసీదు మీద అచ్చేశాం కదా అని వాదించారు. అలాంటి షరతు చెల్లదని కోర్టు తేల్చింది. బిల్డర్లు ఫ్లాట్ కొనేవాళ్ల చేత సంతకం పెట్టించుకునే ఏకపక్ష షరతులు కొన్నవాళ్లను కట్టిపడేయవని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. తన మనిషి చేసిన తప్పుకు కూడా తాను బాధ్యుణ్ని కానని అచ్చేసుకున్నంత మాత్రాన ఎవరూ చేతులు దులుపుకోలేరు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది ఇందులో పడతారు. ఆ షరతును రద్దు చేయండని ఫిర్యాదులో ప్రత్యేకంగా కోరకండి. అనుచిత ఒప్పందాన్ని చెల్లదని ప్రకటించే అధికారం జిల్లా కమిషన్‌కు లేదు, దానికి హైదరాబాద్‌లో రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. సేవా లోపానికి పరిహారం ఇప్పించమని మాత్రమే అడగండి. షరతు సంగతి పార్కువాళ్లే ఎత్తుతారు, అప్పుడు జవాబు చెప్పుకోవచ్చు.

ఇక ఊళ్లోవాళ్ల మాట. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ సంగతి తెలియని ఇల్లు లేదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే అది ఎముకల్లో పేరుకుంటుంది, వెన్నుపూసల మధ్య కీలు పట్టీలు గట్టిపడిపోతాయి, వెన్నుపాము వెళ్లే దారి ఇరుకవుతుంది. కృష్ణా నీళ్లు వచ్చినా అప్పటికే బిగుసుకున్న ఎముకలు తిరిగి మెత్తబడవు. అలాంటి మెడకు మామూలు మనిషి నవ్వుతూ దిగే కుదుపు కూడా ఎక్కువే. పార్కు ఇదే వాదిస్తుంది: రైడ్ వల్ల కాదు, ఫ్లోరోసిస్ వల్లే, అంటే ఫ్లోరైడ్ తెచ్చిన ఈ ఎముకల జబ్బు వల్లే అయిందని.

దీనికి చట్టంలో జవాబుంది. తప్పు చేసినవాడు బాధితుణ్ని ఉన్నవాణ్ని ఉన్నట్టే స్వీకరించాలి. గట్టి మెడ అయితే ఏమీ అయ్యేది కాదు అనడం అతనికి సాకు కాదు. అయితే ముందు తప్పు రుజువు కావాలి, ఆ తర్వాతే ఈ సూత్రం పనికొస్తుంది. రుజువు చేయాల్సిన భారం మీదే. అలాగే పరిహారం కొత్తగా వచ్చిన నష్టానికే వస్తుంది. ముప్పై ఏళ్లుగా మెడ తిరగకపోవడానికి పార్కు డబ్బు కట్టదు, సూదిలో దారం ఎక్కించలేకపోవడానికి కడుతుంది. ఊళ్లోవాళ్ల మాటలో ఉన్న సగం నిజం ఇంతే.

కాబట్టి రైడ్‌కు ముందు మీ చేతులు ఎలా ఉండేవో చూపించాలి. మీ కొలతల పుస్తకం ఉంటుంది కదా, దాన్ని జాగ్రత్త చేయండి. దసరాకు ముందు రోజుల్లో ఎన్ని బ్లౌజులు, ఎన్ని ప్యాంట్లు తీసుకున్నారో, ఏ తేదీకి ఇచ్చారో, అడ్వాన్స్ ఎంతో అన్నీ మీ చేతిరాతలోనే ఉంటాయి. తర్వాతి పేజీల్లో రాత వంకర్లు పోయి ఉంటే, లేదా కొడుకు రాత కనిపిస్తే, అది ఏ డాక్టరు సర్టిఫికెట్‌కూ తీసిపోదు. అదే పుస్తకం మీ ఆదాయానికీ సాక్ష్యం. ఆపరేషన్ చేసిన డాక్టరును ఒక్క మాట రాసివ్వమనండి: పాత ఇరుకు ఎంత, తాజా దెబ్బ ఎంత, దానికి ఇలాంటి కుదుపు కారణం కావచ్చా. మొదటిసారి దవాఖానలో చూపించుకున్నప్పుడు ఓపీ చీటీలో రైడ్ మాట రాశారో లేదో చూసుకోండి. రాసి ఉంటే సగం పని అయినట్టే.

సీసీ కెమెరా రికార్డింగ్ ఎవరూ ఏళ్ల తరబడి ఉంచరు, కొన్ని వారాలకే పాతది చెరిగిపోయి కొత్తది ఎక్కుతుంది. ఈ పాటికే పోయిందేమో అనుకుని ఊరుకోకండి. తేదీ, సమయం, రైడ్ పేరు రాసి, గేటు దగ్గరి రికార్డింగ్, ఆ రోజు డ్యూటీ రిజిస్టర్ భద్రపరచమని రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. ఫిర్యాదుకు ముందు నోటీసు తప్పనిసరి కాదు, కానీ నోటీసు అందాక రికార్డింగ్ చెరిపేస్తే ఎందుకు చెరిపారో వాళ్లే చెప్పుకోవాలి. మీ కొడుకు వీడియో తీసి ఉంటే వాట్సాప్‌లో పంపిన కాపీ చాలదు, తీసిన ఫోన్‌లో అసలు వీడియో అలాగే ఉంచండి. మీరు అడిగింది, కుర్రాడు అన్నది విన్నవాళ్లెవరో వాళ్లు అఫిడవిట్ ఇవ్వాలి. బావమరిది సాక్ష్యం చెల్లదని ఎవరన్నా అంటే నమ్మకండి. చుట్టమైనంత మాత్రాన సాక్ష్యం కొట్టుకుపోదు.

ఈ విషయంలో మీ అదృష్టం బాగానే ఉందనాలి. ఇదే చెరువుగట్టు జాతరలో జెయింట్ వీల్ అయితే టికెట్ ముక్క కూడా మిగలదు, నోటీసు పంపేలోపు వీల్ విప్పుకుని ఇంకో జాతరకు వెళ్లిపోతారు.

ఫిర్యాదు కోసం హైదరాబాద్ తిరగక్కర్లేదు. ఫిర్యాదుదారు ఉండే చోటే వేసుకోవచ్చని ఆ 2019 చట్టమే చెబుతోంది, నల్లగొండ జిల్లా కమిషన్‌లో వేయండి. పది లక్షలు అడిగితే పెద్ద కోర్టుకు పోవాలేమో అని చాలామంది అడుగుతారు. ఇప్పుడు చూసేది అడిగిన పరిహారం కాదు, మీరు కట్టిన డబ్బు, అంటే టికెట్ ధర. అది 50 లక్షల లోపుంటే జిల్లా కమిషనే, 5 లక్షల లోపుంటే ఫీజు కూడా లేదు. టికెట్ కొడుకు కొన్నాడు కదా అన్న అనుమానం అక్కర్లేదు. డబ్బు కట్టినవాడి సమ్మతితో సేవ వాడుకున్నవాడూ వినియోగదారుడే. గడువు రెండేళ్లు, ఆపరేషన్ తేదీ నుంచి కాకుండా రైడ్ ఎక్కిన రోజు నుంచి లెక్కపెట్టుకోండి, అదే క్షేమం. వకీలు ఖర్చు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, 15100కు ఫోన్ చేసినా చెబుతారు.

పోలీస్ కేసు కూడా పెట్టొచ్చు. నిర్లక్ష్యంతో తీవ్రగాయం చేస్తే భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది. నన్నడిగితే అది మీకు పనికిరాదు. అందులో ముందుగా ఇరుక్కునేది "ఏం కాదు అంకుల్" అన్న ఆ పదివేల జీతం పిలగాడు. మీకు కావలసింది కంపెనీ దగ్గర డబ్బు.

నోటీసు అందాక పార్కువాళ్లు రాజీకి రావచ్చు. వస్తే మాట్లాడండి, తప్పులేదు. కానీ ఇంకో ఆపరేషన్ అవసరం పడుతుందా, చేతులు ఎంతవరకు తేరుకుంటాయి అన్నది డాక్టరు తేల్చేదాకా "ఇక ఏ బాకీ లేదు" అన్న కాగితం మీద సంతకం పెట్టకండి. ఈలోపు ఏదైనా ఇస్తామంటే వైద్య ఖర్చుల కింద మాత్రమే అని రాయించి తీసుకోండి.